‘చంపుకున్నాను’ అన్న మాటకు ఇంగ్లిషు

కోర్టులో అనువాదకురాలిగా పనిచేశానంటే చాలామంది “టైపిస్టా అండీ?” అని అడుగుతారు. మొదట్లో విడమరచి చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత “ఆ, అలాంటిదే” అని ఊరుకునేదాన్ని. టైపు కొట్టే పని కూడా ఉండేది కాబట్టి అదేమీ పూర్తి అబద్ధం కాదు.

అసలు పని ఇది. కింది కోర్టుల్లో సాక్షులు తెలుగులో చెబుతారు, చాలాచోట్ల తెలుగులోనే రాసుకుంటారు. ఆ కేసు పై కోర్టుకు వెళ్లి, తెలుగు రాని న్యాయమూర్తి ముందుకు వస్తే ఆ కాగితాలన్నీ ఇంగ్లిషులోకి మారాలి. మార్చేది మేము. ఆ న్యాయమూర్తి సాక్షిని చూడడు, గొంతు వినడు. సాక్షి ఏడుస్తూ చెప్పిందో, కసిగా చెప్పిందో ఆయనకు తెలిసే దారి లేదు. ఆయన చేతికి వచ్చేది మనం రాసిన ఇంగ్లిషు మాత్రమే. ఆ ఇంగ్లిషులో ఉన్న మనిషే ఆయనకు అసలు మనిషి.

ఈ ఉద్యోగానికి పరీక్షలు రాసే పిల్లలు అప్పుడప్పుడు గుణదలలో మా ఇంటికి వస్తుంటారు. ఏ నిఘంటువు కొనాలి, న్యాయ పరిభాష ఎలా బట్టీ పట్టాలి అని అడుగుతారు. “ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోంది కదా మేడమ్, మనకు పని ఉంటుందంటారా?” అని కూడా అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. న్యాయ పరిభాషతో నాకు ఎప్పుడూ పెద్ద ఇబ్బంది రాలేదు. వాటికి స్థిరమైన మాటలున్నాయి, ఒకసారి నేర్చుకుంటే జీవితమంతా పనికొస్తాయి. నన్ను సర్వీసంతా వేధించింది చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఇంగ్లిషు మాట, ‘కాజ్’. దాని చుట్టాలైన ‘మేక్’, ‘గెట్’, ‘లెట్’ కూడా. ఎవరి వల్ల ఏది జరిగిందో చెప్పే మాటలు. కోర్టు అన్నదే ఆ సంగతి తేల్చడానికి పుట్టింది కదా.

కాలువ పుణ్యం

నా మొదటి అధికారి కోటేశ్వరరావు గారు. మా విభాగానికి సూపరింటెండెంటు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒక తెలుగు మాటకు ఒక ఇంగ్లిషు మాట అన్నది ఆయన సిద్ధాంతం.

“కారణం అంటే కాజ్. వల్ల అంటే కాజ్. మూలంగా అన్నా కాజే. నువ్వు కవిత్వం రాయడానికి రాలేదమ్మాయ్” అనేవారు.

ఆ పద్ధతిని నేను తీసిపారేయను. చేయి తిరగని వాళ్లకు అది మంచి కట్టుబాటు. సొంత తెలివి కలిపి రాసే అనువాదకుడి కంటే మాటకు మాట పెట్టేవాడే కోర్టుకు తక్కువ ప్రమాదం. కానీ ఆ పద్ధతికీ ఒక హద్దుంది. అది ఒక రైతు కేసులో బయటపడింది.

ఆ రైతుది మా కంకిపాడు వైపే. పక్కపొలం ఆసామి మురుగుకాలువను మళ్లించడంతో ఆయన వరి మునిగిపోయింది. సాక్ష్యంలో ఆయన “ఆయన కాలువ పుణ్యమా అని నా చేను చెరువైపోయిందండి” అన్నాడు. మా తోటి ఉద్యోగి ఒకాయన దాన్ని “వారి కాలువ అనుగ్రహంతో నా పొలం చెరువుగా మారింది” అన్నట్టుగా ఇంగ్లిషు చేశాడు. కోటేశ్వరరావు గారు చూసి సంతకం పెట్టారు. అవతలి లాయరు దాన్ని పట్టుకుని, చేను చెరువైనందుకు ఈ రైతు సంతోషించాడని, చేపలు పెంచుకుందామనుకున్నాడని వాదించాడు. కోర్టు హాల్లో తెలుగువాళ్లంతా నవ్వారు. పాపం, ఆ రైతుకు ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన కూడా నవ్వాడు.

మర్నాడు కోటేశ్వరరావు గారు మా అందరినీ పిలిచారు. ఆ ఉద్యోగికి తిట్లు తప్పవనుకున్నాం. ఆయన మాత్రం కేకలు వేయలేదు. “సంతకం నాది. కాబట్టి తప్పూ నాదే” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “మీ ఊళ్లో ఇంకా ఎన్నిరకాలుగా అంటారమ్మా ఈ మాట?” అని అడిగారు.

చెప్పాను. ‘నీ వల్ల’ అంటే మంచికీ చెడుకీ రెంటికీ చెల్లుతుంది. ‘నీ మూలంగా’ అంటే గొంతు కాస్త గరుకెక్కుతుంది. ‘నీ పుణ్యమా అని’ అంటే చాలాసార్లు తిట్టే. ‘తెచ్చిపెట్టావు’ అంటే అది తప్పకుండా కష్టమే, సుఖాన్ని ఎవరూ తెచ్చిపెట్టరు. ‘నీ దయవల్ల’ అన్నది మాత్రం మనిషి మొహం చూస్తే గానీ తేలదు. ఆయన అన్నీ విని తల పంకించారు. అప్పటి నుంచి అనుమానం వచ్చిన చోట “ఇది పొగడ్తా, తెగడ్తా?” అని అడగడం అలవాటు చేసుకున్నారు. సిద్ధాంతం మాత్రం మార్చుకోలేదు. పెద్దవాళ్లలో అది నాకు నచ్చే గుణం, మొండితనం ఉంటూనే చెవి తెరిచి ఉండటం.

తినిపించడం, ఏడిపించడం

బెంజ్ సర్కిల్ దగ్గర మా బంధువులమ్మాయి ఒకతె స్పోకెన్ ఇంగ్లిషు క్లాసులు చెప్పేది. ఒకసారి నన్ను వచ్చి కూర్చోమంది. ఒక తల్లి లేచి, ఉదయం తన పని ఏమిటో ఇంగ్లిషులో చెప్పింది. పాపకు స్నానం చేయించి, జడ వేసి, ఇడ్లీ తినిపించి, బడికి పంపిస్తానన్నది ఆవిడ ఉద్దేశం. వినేవాడు తెల్లదొర అయితే, ఈవిడ రోజూ పొద్దున్నే పిల్లను బలవంతంగా నీళ్లలో ముంచి, నోరు తెరిపించి ఇడ్లీ కుక్కి, బయటికి తోసేస్తుందనుకుంటాడు. ప్రతి క్రియకూ ‘మేక్’ పెట్టింది మరి.

తప్పు ఆవిడది కాదు. మన భాషలో క్రియకు చివర ‘ఇంచు’ అని ఒక తోక తగిలిస్తే చాలు, ఒకరు చేసే పని ఇంకొకరి వల్ల జరిగిందని అర్థం. తినడం తినిపించడం అవుతుంది, ఏడవడం ఏడిపించడం అవుతుంది. అమ్మ తినిపించింది అంటే అందులో ప్రేమ ఉంది. వాడు ఏడిపించాడు అంటే అందులో పాపం ఉంది. మా నాన్న పొలం నుంచి వచ్చి “ఇవాళ నాట్లు వేయించాను” అనేవాడు. ఆయన ఎవరినీ బలవంతం చేయలేదు. కూలి మాట్లాడుకుని, టీ పంపించి, గట్టు మీద నిలబడ్డాడు. తోక అదే. బలవంతమో, బతిమాలడమో, అడగడమో, ఊరికే ఒప్పుకోవడమో ఆ తోక చెప్పదు. చుట్టూ ఉన్న మాటలు చెబుతాయి.

ఇంగ్లిషు అలా కాదు. బలవంతం చేస్తే ‘ఫోర్స్‌డ్’ అనో ‘మేడ్’ అనో అంటారు. పురమాయిస్తే ‘హ్యాడ్’, ఒప్పిస్తే ‘గాట్’, అడ్డు చెప్పకపోతే ‘లెట్’. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. తెలుగు మనిషి ఎంచుకోకుండా వదిలేసినదాన్ని అనువాదకుడు ఎంచుకోవాల్సి వస్తుంది. ఆ ఎంపికలోనే అవతలి మనిషి నేరస్థుడైపోవచ్చు. ఇది నేను మాటవరసకు అనడం లేదు.

నాంచారయ్య కేసు

నాంచారయ్యది సముద్రం ఒడ్డు ఊరు. వేట గిట్టుబాటు కాక, తమ్ముడు సాంబను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి, ఒక చేపల చెరువు మీద కాపలాకు కుదిరాడు. మేత వేయడం, నీళ్లు చూడటం, మోటార్లు నడపడం అన్నదమ్ముల పని. గట్టు మీద రేకుల పాక. నాంచారయ్యకు ఇంకా పెళ్లి కాలేదు, సాంబకు అయింది. తల్లి వెంకమ్మ, సాంబ భార్య లక్ష్మి ఊళ్లోనే ఉండేవాళ్లు.

ఒక తెల్లవారుజామున సంగతి. ముందురోజు వాన పడి ఉంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో గాలి చాలకపోతే అలా చేస్తాయి, వెంటనే మోటారు వేసి నీళ్లు తిప్పకపోతే చచ్చి తేలతాయి. సాంబ వెళ్లి మోటారు పెట్టె మీద చేయి వేశాడు. ఇనప పెట్టెకు కరెంటు వచ్చింది. అక్కడికక్కడే పోయాడు.

పోలీసులు నాంచారయ్య మీద కేసు పెట్టారు. నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణం కావడం అనే నేరం. మోటార్లన్నీ అతని చేతి కింద ఉన్నాయి, పెట్టె షాకు కొడుతోందని అతనికి ముందే తెలుసు, తెలిసీ తమ్ముణ్ణి పంపించాడని అభియోగం. చెరువు యజమాని సాక్షిగా వచ్చి, “అక్కడ అన్నీ నాంచారయ్యే చూసుకుంటాడండి, నేను నెలకోసారి వెళ్తే వెళ్తాను” అన్నాడు. ఆసుపత్రిలో శవాల గది దగ్గర పనిచేసే ఆయన మరో సాక్షి. నాంచారయ్య నేల మీద పడి తల కొట్టుకుంటూ అన్న మాటలు ఆయన కోర్టులో చెప్పాడు.

“నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను. మోటారు నేనే వేయించాను. తెలిసి తెలిసి వేయించాను.”

కింది కోర్టులో శిక్ష పడింది. పైన జిల్లా కోర్టులోనూ నిలిచింది. నాంచారయ్య ఏ కోర్టులోనూ తన తరఫున గట్టిగా ఏమీ చెప్పుకోలేదు. లక్ష్మి పట్టుబట్టి, తెలిసినవాళ్ల ద్వారా సుజాత అనే లాయరును పట్టుకుని పై కోర్టుకు వచ్చింది. మొగుడు పోయిన మనిషి బావగారి కోసం తిరగడం చూసి ఊళ్లో నానా మాటలూ అన్నారట. ఆ అమ్మాయి లెక్కచేయలేదు.

పై కోర్టులో ఆ కేసు ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన న్యాయమూర్తి ముందుకు వచ్చింది. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. బయట ఎవరో డబ్బులు తీసుకుని చేసిన ఇంగ్లిషు అనువాదం ఫైల్లో ఉంది. అందులో ఆ మూడు వాక్యాలు ఇలా ఉన్నాయి. నేనే నా తమ్ముణ్ణి హత్య చేశాను. అతని చేత బలవంతంగా మోటారు ఆన్ చేయించాను. అన్నీ తెలిసే చేశాను.

సుజాత అభ్యంతరం చెప్పింది. అనువాదం మళ్లీ చేయించమని న్యాయమూర్తి మా విభాగానికి పంపారు. నా బల్ల మీదకు వచ్చింది.

నోటు కింద సంతకం

మీరు తెలుగువాళ్లు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. ‘చంపాను’ వేరు, ‘చంపుకున్నాను’ వేరు. జ్వరంతో బిడ్డ పోయిన తల్లి అంటుంది ఆ మాట. పట్నంలో చదివిస్తే పోయాడే అని తండ్రి అంటాడు. సొంత మనిషిని పోగొట్టుకుని, ఆపలేకపోయానే అని కుమిలే మనిషి నోట్లోంచి వస్తుంది. ఆ ‘కున్నాను’లో నష్టం నాదేనన్న ఏడుపు ఉంది. ఇంగ్లిషులో దానికి సరిపోయే మాట నాకు దొరకలేదు. ‘కిల్డ్’ అని రాస్తే హత్య అవుతుంది. ‘లాస్ట్’, అంటే పోగొట్టుకున్నాను, అని రాస్తే మనిషి తనమీద తాను వేసుకున్న నింద మాయమైపోతుంది. అతను వేసుకున్నాడు కదా నింద, దాన్ని తీసేసే అధికారం నాకెక్కడిది?

కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరు కావడానికి దగ్గరలో ఉన్నారు.

“ఏం రాద్దామనుకుంటున్నావు?” అన్నారు.

“‘కిల్డ్’ అనే రాస్తానండి. పక్కన ఆ తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో ఉంచుతాను. కింద నోటు పెడతాను, ఈ మాట ఎవరు, ఎప్పుడు అంటారో.”

“వేయించాను?”

“దానికీ నోటే. అందులో బలవంతం ఉందని గానీ లేదని గానీ మాట చెప్పదని రాస్తాను.”

ఆయన పెన్ను మూత తీసి పెట్టారు.

“నోటు రాసే అలవాటు మన ఆఫీసులో లేదు. రాస్తే నీ సంతకం పెట్టాలి. పిలిస్తే కోర్టులో నిలబడాల్సింది నువ్వు. నువ్వు ముద్దాయి వైపు లాగావని ఆ ప్రభుత్వ లాయరు అడక్క మానడు.”

“తెలుసండి.”

“లాగావా?”

ఆ కాగితాలు చదివినప్పటి నుంచి నాంచారయ్య మీద నాకు జాలిగా ఉంది. ఆ మాటే చెప్పాను.

“జాలి ఉంటే ఇంటికెళ్లి రెండోసారి చదువు. జాలి రాసిన ముక్క ఏదైనా ఉంటే కొట్టెయ్యి. మిగిలింది పంపించు” అన్నారు.

చదివాను. ‘సాధారణంగా నిర్దోషులు అనే మాట’ అని ఒకచోట రాశాను. అది మాట గురించి కాదు, మనిషి గురించి తీర్పు. కొట్టేశాను. ‘సొంతవాళ్లను పోగొట్టుకున్నవారు తరచు అనే మాట’ అని మార్చాను. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పదలచిన వృత్తి రహస్యం ఏదైనా ఉంటే అదే. జాలి పడొద్దని ఎవరూ చెప్పలేరు. రాతలో అది ఎక్కడ దూరిందో వెతికి తీసేయడం మాత్రం మన పని.

కోర్టు హాల్లో

అనుకున్నట్టే పిలుపు వచ్చింది. హాల్లో వెనక బెంచీ మీద నాంచారయ్య కూర్చుని ఉన్నాడు. బెయిలు మీద బయట ఉన్నాడు అప్పటికి. ఎండకు మాడిన మనిషి, వయసుకు మించి నెరిసిన జుట్టు. కాస్త దూరంగా తల్లి, ఆవిడ పక్కన లక్ష్మి. తల్లీకొడుకుల మధ్య ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది. కోటేశ్వరరావు గారు కూడా వచ్చి గోడవారగా నిలబడ్డారు. వస్తానని నాతో అనలేదు.

అందరి మాటలూ ఇంగ్లిషులోనే. న్యాయమూర్తి మెత్తగానే మాట్లాడారు. మొదటి నోటు గురించి అడిగారు, చెప్పాను. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, లేచారు.

“మేడమ్, నిజంగా చంపినవాడు కూడా తర్వాత పశ్చాత్తాపంతో ‘చంపుకున్నాను’ అనొచ్చా, అనకూడదా?”

హాలంతా నావైపు చూస్తోంది. సుజాత కళ్లు నా మీదే ఉన్నాయి.

“అనొచ్చండి” అన్నాను.

“అయితే మీ నోటు వల్ల తేలిందేమిటి?”

“ఆ ఒక్క మాటతో ఏమీ తేలదని తేలిందండి. పాత అనువాదంలో తేలినట్టు ఉంది.”

పీపీ ఇంకేదో అనబోయారు గానీ న్యాయమూర్తి చెయ్యెత్తారు. రెండో నోటు తీశారు.

“ఈ ‘వేయించాను’ అన్న మాటలో బలవంతం ఉందా లేదా మీరు చెప్పలేరంటున్నారు. అయితే ఎలా తెలుసుకోవాలి?”

“అక్కడున్నవాళ్లు ఇంకేం చెప్పారో చూడాలండి. మాట దానంతట అది చెప్పదు.”

ఆయన ఫైలు వెనక్కి తిప్పారు. చెరువు మీద పనిచేసే మూడో మనిషి ఒకడు సాక్ష్యం చెప్పి ఉన్నాడు. కింది కోర్టులో దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆ తెలుగును బిగ్గరగా చదివి అప్పటికప్పుడు ఇంగ్లిషు చెప్పమన్నారు. చదివాను.

“నాంచారయ్య చద్దన్నం తింటన్నాడండి. చేపలు తేలతన్నాయని నేను చెబితే, తింటన్నవాడు లెగవబోయి ‘మోటారు వెయ్యాల్రా’ అన్నాడండి. సాంబేమో ‘నువ్వు తిను అన్నా, నేనేత్తాలే’ అని పరిగెత్తాడండి. ఆ పెట్టె షాకు కొడతందని నాంచారయ్య ఓనరు గారికి అంతకుముందే చెప్పాడండి. నేనూ ఉన్నాను. వైరింగు మార్పిత్తాలే, ఈలోపు చెప్పులేసుకుని వెయ్యండి అన్నాడండి ఆయన.”

సాంబ మాట చదువుతుంటే వెనక బెంచీ మీద తల్లి నుంచి ఒక శబ్దం వచ్చింది. ఆవిడ ఆ మాటలు వినడం అదే మొదటిసారని నాకు తర్వాత తెలిసింది. కింది కోర్టులో ఆ సాక్షి చెప్పిన రోజు ఆవిడ రాలేదు.

న్యాయమూర్తి తీర్పు వాయిదా వేశారు. వచ్చేటప్పుడు వరండాలో కోటేశ్వరరావు గారు నా పక్కన నడుస్తూ, “అనొచ్చండి అన్నావు చూడు, అక్కడ నా గుండె జారిపోయింది” అన్నారు. మెట్లు దిగుతూ, “అయినా మరో జవాబు లేదు” అన్నారు.

తీర్పు రోజు

తీర్పు చదివే రోజున నేను వేరే పని మీద ఆ భవనంలోనే ఉండి, వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. శిక్ష కొట్టేశారు. సాంబ మరణానికి నాంచారయ్య చేసిన ఏ పనీ కారణం కాదన్నారు. ప్రమాదకరమైన ఆ వైరింగుకు బాధ్యత ఎవరిదో పోలీసులు అసలు చూడలేదని గట్టిగా మందలించారు. ఆ తర్వాత చెరువు యజమాని మీద కేసు కట్టారని విన్నాను. అది ఎంతవరకు వచ్చిందో నాకు తెలియదు. చేపలు మాత్రం పెంచుతూనే ఉన్నాడని చెప్పారు.

వరండాలో నాంచారయ్య నా దగ్గరికి వచ్చాడు. దణ్ణం పెడతాడనుకున్నాను. పెట్టలేదు.

“మేడమ్ గారండీ, నేనన్న మాట మీరు మార్చారంట గదా?” అన్నాడు.

“ఎవరన్నారు?”

“బయట అనుకుంటన్నారండి. మాట మార్చబట్టి కేసు పోయిందని.”

“మార్చలేదు నాంచారయ్యా. నువ్వన్నది అన్నట్టే ఉంది. ఆ మాట ఎవరంటారో కింద రాశాను, అంతే.”

“ఎవరంటారని రాశారండి?”

“సొంతవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు అంటారని.”

తల దించుకున్నాడు. “నిజంగా చంపినోడు కూడా అంటాడండి.”

“అదీ చెప్పాను. ప్రభుత్వం లాయరు అడిగితే అనొచ్చనే చెప్పాను. ఆ రోజు నువ్వు హాల్లోనే ఉన్నావు కదా.”

“ఇంగిలీసులో అన్నారు గదండీ, నాకు తెలవలేదు. నిజంగా చెప్పారా?”

“చెప్పాను.”

అప్పుడు నా మొహంలోకి చూశాడు. “అట్టాగైతే సరేనండి” అన్నాడు. “ఆ పెట్టె సంగతి తెలిసి కూడా చేతిలో కంచం దించలేదండి నేను. చెప్పులేసుకో అని కేకెయ్యాలన్నా తోచలేదు. అది లేదని ఎవరన్నా రాస్తే నేనొప్పుకోను.”

కోర్టు తేల్చేది ఒకటి, మనిషి మోసేది ఒకటి అని అంతకు ముందు కూడా తెలుసు నాకు. ఆ వరండాలో అది నా ఎదురుగా నిలబడి మాట్లాడింది. అతను పక్కకు వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

ఈలోపు వెంకమ్మ కోడలి భుజం పట్టుకుని మెల్లగా వచ్చింది.

“ఏమ్మా, అయ్యగారు ఇంగిలీసులో ఏవన్నారు?”

“మీ లాయరమ్మ చెప్పలేదా?”

“చెప్పింది. ఆయమ్మ మనమ్మాయి గదా, మంచిగానే చెప్పుద్ది. నువ్వు ఎటూ కాదంట గదా. నువ్వు చెప్పు.”

న్యాయమూర్తి వాడిన మాట ‘కాజ్’. సర్వీసంతా తెలుగును ఇంగ్లిషు చేశాను గానీ, ఇంగ్లిషును ఇలా ఒక తల్లికి తెలుగు చేసి చెప్పాల్సి రావడం ఎప్పుడో గానీ జరగలేదు. ‘కారణం కాదు’ అంటే అది ఆఫీసు మాట, ఆవిడ చెవిలోకి వెళ్తుంది గానీ లోపలికి దిగదు. ‘చంపలేదు’ అంటే, చంపాడని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ‘తప్పు లేదు’ అంటే, న్యాయమూర్తి అంత మాట అనలేదు, ఇప్పుడే కొడుకు కూడా ఒప్పుకోలేదు. ఆవిడ ఆత్రంగా నా నోటివైపు చూస్తోంది.

“సాంబ పోయింది మీ పెద్దబ్బాయి వల్ల కాదన్నారమ్మా” అన్నాను.

“వాడి వల్ల కాదా?”

“కాదు.”

“అట్టాగే అన్నారా? ఆ మాటే అన్నారా?”

“ఆ మాటే అన్నారు.”

ఆవిడ ఆ మాటను పెదాల మీదే ఒకసారి అనుకుంది. కోడలి భుజం వదిలేసి, ఒక్కతే నడుచుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్లింది. నాంచారయ్య తలెత్తలేదు. ఆవిడ నీడ మీద పడితే పక్కకు జరిగాడు.

“లెగవరా” అంది. “బస్సు పోద్ది.”

అతను తలెత్తి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఆవిడ చేతిలో ఉన్న సంచీ అతని వైపు చాపింది. అతను లేచి అందుకున్నాడు. ఇద్దరూ గేటు వైపు నడిచారు, ఆవిడ ముందు, అతను ఒక అడుగు వెనక.

లక్ష్మి నా పక్కనే నిలబడి ఉంది. కొంగుతో నోరు నొక్కుకుని, “మా ఆయన్ని ఇంటికి తెచ్చిన కాడి నుంచి మా అత్త బావతో మాట్టాడలేదండీ” అంది. తర్వాత వాళ్లను అందుకోవడానికి గబగబా పరిగెత్తింది.